నెస్టర్ పోసిన ఐసు

హార్లో నగరపు ఐసు హాకీ అరీనా ఎవరు కట్టించారంటే మేయర్ల పేర్లు చెబుతారు. రాతి మీద పేరు ఎవడైనా చెక్కించుకోవచ్చు. ముప్పై ఒక్క చలికాలాలు ఆ నేల మీద నీళ్లు పొరలుగా గడ్డకట్టించి ఐసు పోసిన నెస్టర్ కోబెల్ పేరు మాత్రం ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

యాభై రెండులో, పాత విమానాల షెడ్డు దూలాలు మోసుకొచ్చి ఊరే కట్టుకుంది దాన్ని. మొదటి పదేళ్లు చల్లబరిచే యంత్రమే లేదు. నెస్టర్ పెద్ద తలుపులు తెరిచి చలిని లోపలికి రానిచ్చేవాడు.

ఎనభై మూడులో లీగ్ ఫైనల్ ముందురోజు, అతిథులు వణక్కూడదని కమిటీ కార్యదర్శి మర్విన్ గ్యాలరీ హీటర్లు వెలిగించి మరిచిపోయాడు. తెల్లారేసరికి ఐసు జావ అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరుగెత్తి హీటర్లు ఆర్పాడు.

"సాయంత్రం ఐదింటికల్లా గట్టిపడకపోతే ఆట డెల్విన్‌లోనే," అన్నాడు లీగ్ పెద్ద. డెల్విన్ అంటే ప్రత్యర్థుల ఊరు. పాత అరీనా మూసేద్దామని చూస్తున్న కౌన్సిల్‌కి ఇంతకన్నా మంచి వంక ఏం కావాలి?

"నా కొంప మునిగింది నెస్టర్," అన్నాడు మర్విన్.

"మునిగేది తర్వాత చూద్దాం. ముందు తలుపులు తియ్."

చల్లబరిచే యంత్రం ఒక్కదాంతో ఐదింటికి అయ్యే పని కాదు, బయటేమో మైనస్ ముప్పై. వేడినీళ్లు పోస్తేనే కొత్త పొర కిందిదాంతో కలిసిపోతుంది, చన్నీళ్లయితే పెచ్చులు లేస్తాయి. రెండో పొరకే నీళ్లు కాచే బాయిలర్ చేతులెత్తేసింది. నెస్టర్ భార్య పరాస్కా చర్చి వంటింట్లోని సూప్ గుండిగలన్నిట్లో నీళ్లు మరిగించి, ఆడవాళ్లతో మంచు మీద జారే స్లెడ్జి బళ్ల మీద లాక్కొచ్చింది.

"ఏమయ్యా, బీట్‌రూట్ కాచిన గుండిగలివి. ఐసు ఎర్రబడితే నన్నడక్కు."

"మంచిదేగా. ఆటకి ఐసు నడుమ ఎర్రగీత గీసే పని తప్పుతుంది."

మధ్యాహ్నం డెల్విన్‌లో ఐసు పోసే ఆర్చీ వచ్చాడు.

"చూసి నవ్విపోదామనా?" అన్నాడు మర్విన్.

"మా ఊళ్లో ఆడితే మావాళ్లకే లాభం, తెలుసు. కానీ ఐసు పాడైందని విన్నాక ఇంట్లో ఎలా కూర్చోను? ఆ గుండిగ ఇలా ఇవ్వు."

పొర గడ్డకట్టాక పొర, నెస్టర్, ఆర్చీ కలిసి తొమ్మిదో పొర దాకా పోశారు. ఐదింటికి లీగ్ పెద్ద మూడుచోట్ల చిల్లులు వేసి మందం కొలిచి, ఆడుకోండన్నాడు.

హార్లో నాలుగు రెండుతో ఓడింది. నెస్టర్ వేళ్లు కొయ్యబారిపోయాయి, పరాస్కా కప్పు పట్టుకుని టీ తాగిస్తోంది. మర్విన్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఇంత చేసీ ఓడిపోయాం, నెస్టర్."

"ఓడితే ఓడాం. మన ఐసు మీద ఓడాం, డెల్విన్ ఐసు మీద కాదు."