పులిహోరలో పట్టుదారం

చంపాపేట్ రోడ్డు పక్కన కూరగాయలమ్మేవాళ్లు అండాలమ్మను దూరం నుంచి చూడగానే మొహాలు ముడుచుకునేవారు. ముడుచుకోరా మరి? ఆమె వంకాయను ముందు కొనదు, కొంగుతో తుడుస్తుంది. కొంగుకు నూనె అంటిందో, "దీనికేమన్న తలంటు పోసినవా ఏంది?" అని పదిమందికీ వినబడేలా అడుగుతుంది. పచ్చి బఠానీలను గ్లాసెడు నీళ్లలో వేసి చూసి, నీళ్లు పచ్చబడితే ఇక తిట్లు ఎత్తుకుంటుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర పొగలు కక్కే చాయ్‌ను పల్చటి ప్లాస్టిక్ కవర్లలో పోసి మూతికట్టే హోటలాయన, ఆమె కనబడితే చాలు, కవర్ల కట్టను కౌంటరు కిందికి తోసేసేవాడు. కోడలు తెచ్చుకున్న నల్ల మెహందీ కోనును మోరీలో పడేసింది. "గోరింటాకు ఎన్నడన్న నల్లగ పండుతదా? చెయ్యి కాల్తది, సిగ్గు లేదా అమ్మేటోనికి!" వాడకట్టులో ఆమెకు రంగులమ్మ అని పేరు పడింది. కొందరు వెటకారంగా అనేవారు, కొందరు భయంగా.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆమెది పోచంపల్లి. భర్త బాలనర్సయ్య పట్టు దారానికి రంగులు వేసేవాడు. ఇరవై ఏళ్లపాటు చేతులను మోచేతుల దాకా ఆ రంగు తొట్లలోనే ముంచాడు. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. ఆ చేతులతోనే అన్నం కలుపుకున్నాడు, ఆ చేతులతోనే కొడుకును ఎత్తుకున్నాడు. యాభై నిండకముందే మూత్రంలో రక్తం పడటం మొదలైంది. పెద్ద దవాఖానలో డాక్టరు ముందుగా అడిగింది నొప్పి గురించి కాదు, "ఏం పని చేస్తవు?" అని. చెప్పగానే తల పంకించాడు, రంగుపనివాళ్లకు మూత్రాశయంలో క్యాన్సర్ రావడం తెలిసిన సంగతే అన్నట్టు. తెలిసినవాళ్లు ఇన్నేళ్లూ ఏ గాడిదలు కాస్తున్నారు? ఒక్కడంటే ఒక్కడు వచ్చి, బాబూ ఇది ముట్టకు అని చెప్పలేకపోయాడా? భర్త పోయి పదేళ్లయినా అండాలమ్మకు ఆ కోపం ఒక్క వీసం తగ్గలేదు.

కొడుకు నరేష్‌కుమార్‌కు సర్కారు నౌకరీ దొరికాక ఆమె చంపాపేట్‌కు వచ్చింది. రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె మొదలైతే నరేష్ ఆఫీసు మానేసి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నాడు. బస్సులు ఆగిపోయాయి. కరెంటు ఉన్నంతసేపు ఉండి పోయేది. కరెంటు లేక గిర్నీ నడవలేదు. ఏటా పసుపు కొమ్ములు తెచ్చుకుని గిర్నీలో పట్టించుకునే వాడకట్టు ఆడవాళ్లంతా ఆ యేడు లచ్చయ్య కిరాణంలో విడి పసుపు పొడి కొన్నారు. లచ్చయ్య అంటే మామూలు దుకాణదారు కాడు. దుకాణం ముందు ఉద్యమం జెండా ఆయనే కట్టాడు, రాస్తారోకోకు ముందు ఆయనే కూర్చునేవాడు. లాఠీ దెబ్బ కూడా తిన్నాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. సద్దుల బతుకమ్మను మెయిన్ రోడ్డు మీదే ఆడాలని, అయిదారువందల మందికి పులిహోర పెట్టాలని నిర్ణయించినప్పుడు, "పసుపు, నూనె, చింతపండు నా తరఫున" అన్నదీ ఆయనే.

సద్దులకు ముందురోజు పక్కింటి సూర్యప్రభ గోడ మీంచి మెల్లగా పిలిచింది. వాళ్లది గుడివాడ వైపు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లోనే కిరాయికి ఉంటున్నారు గానీ, ఉద్యమం ముదిరాక ఆమె వీధిలో గట్టిగా మాట్లాడటం మానేసింది.

"అండాలమ్మగారూ, మా మనవరాలి మొహం ఒకసారి చూస్తారా? తగ్గటం లేదండి."

తన్మయికి ఏడాది నిండలేదు. రెండు బుగ్గలూ పొక్కి చెమ్మ ఊరుతున్నాయి. గీరుకోకుండా చేతులకు సాక్సులు తొడిగారు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"ఏం పూస్తున్నరమ్మా?"

"సున్నిపిండే. రోజూ చిటికెడు పసుపు కలిపి నలుగు పెడుతున్నాం. తగ్గకపోతే ఇంకాస్త పసుపు రాస్తున్నానండి."

దండెం మీద పిల్లకు తుడిచిన తువ్వాలు వేలాడుతోంది. నిండా పసుపు మరకలు. అండాలమ్మ దాన్ని లాగి, సబ్బు తడిపి ఒక మరక మీద రుద్దింది. పసుపు గుడ్డకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలుగు గడ్డ మీద ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఎర్రబడుతుంది. ఈ మరక ఎర్రబడలేదు. నిమ్మళంగా, నిగనిగలాడుతూ పసుపుపచ్చగానే ఉంది. అండాలమ్మ వాళ్ల పసుపు డబ్బా తెప్పించింది. డబ్బాలోని పొడిని నీళ్లలో కలిపి, బాత్‌రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేయించింది. గ్లాసు గులాబీ రంగుకు తిరిగింది. ఇంకో చెంబుడు నీళ్లు పోసినా ఆ గులాబీ పోలేదు.

"ఇది పసుపు గాదమ్మా. మా ఆయన పట్టుకు ఏసిన రంగు. పిండిల కలిపి అమ్ముతున్నరు."

సూర్యప్రభ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎక్కడ కొన్నానో మీరు ఎవరితోనూ అనకండి. నేనంటే ఆంధ్రావాళ్లు కావాలని గొడవ పెట్టారంటారు. పిల్లతో ఉన్నవాళ్లం."

చూశారా అన్యాయం? పిల్ల చర్మం ఊడిపోతుంటే, అడగడానికి భయం!

అండాలమ్మ నేరుగా లచ్చయ్య దుకాణానికి వెళ్లింది. ఆయన మర్యాదగా లేచి నిలబడ్డాడు, స్టూలు వేశాడు, అంతా విన్నాడు.

"అక్కా, నేనేమన్న తయారు చేసిన్నా? పైకెళ్లి ఎట్లొస్తే అట్ల అమ్ముత. అందరమ్ముతున్నరు."

"అందరమ్మితే రంగు పసుపైతదా? రేపు గా పులిహోర పోరగాండ్లు తింటరు లచ్చయ్యా. నీ పొడి వెనుకకు తీస్కో. వేరేది తెప్పియ్యి."

"బస్సుల్లేవు, లారీల్లేవు, యాడికెళ్లి తెస్త? జర సోంచాయించు. ఉద్యమం గింత జోరు మీదున్నప్పుడు మనల మనం బద్నాం చేస్కుంటే ఆంధ్రోళ్లు నవ్వరా? తెలంగాణ ఒచ్చినంక మాట్లాడుదం."

"అప్పటిదాంక రంగు తినమంటవా?"

ఆయన పక్కకు తిరిగి వేరే గిరాకీకి ఉప్పు ప్యాకెట్ అందించాడు. బతుకమ్మ కమిటీ నడిపే కౌసల్య దగ్గరికి పోతే ఆమెదీ అదే పాట. "నువ్వు ప్రతిదాంట్ల విషమే చూస్తవ్ పెద్దమ్మా! లచ్చన్న మనోడు. పండుగ గానియ్యి, ఎనక చూద్దం." వంకాయల దగ్గర, బఠానీల దగ్గర అరిచిన అరుపులన్నీ ఇప్పుడు ఆమెకే ఎదురు తిరిగాయి. రోజూ కేకలేసే ముసలిదాని కేక ఎవరి చెవికెక్కుతుంది?

మర్నాడు మధ్యాహ్నానికే పులిహోర మొదలైంది. కాలనీ షెడ్డులో పెద్ద డేక్సాలో చింతపండు రసం, నూనె, లచ్చయ్య పసుపు కుతకుతలాడుతున్నాయి. పక్కన చాపల మీద అన్నం ఆరబోశారు. పిల్లలు అప్పుడే పళ్లాలతో తయారు. అండాలమ్మ పెట్టెలోంచి తెల్లటి పట్టుదారం చిలప ఒకటి తీసి, కొంగులో దాచుకుని షెడ్డులోకి వచ్చింది. ఎవరూ ఏమీ అనకముందే దాన్ని ఆ మరిగే రసంలో వేసి గరిటెతో అదిమి పట్టింది.

"అయ్యయ్యో, ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా!" కౌసల్య పరిగెత్తుకొచ్చింది.

"ఆగవే. పోచంపల్లిల పట్టుకు రంగెట్లేస్తరో సూపిస్త. నీళ్లు మసలాలె, పులుపు పడాలె, రంగు పడాలె. దీంట్ల మూడు ఉన్నయ్. మీరొండుతున్నది పులిహోర గాదు, రంగు తొట్టి."

కాసేపు ఆగి గరిటెతో చిలప పైకి తీసింది. పసుపుపచ్చగా ధగధగలాడుతోంది. నల్లా కింద పెట్టింది. సబ్బు వేసి రుద్దింది, పిండింది, మళ్లీ రుద్దింది. ఒక్క చాయ దిగలేదు, ఎర్రబడలేదు. చీర నేసి బీరువాలో పెట్టుకుంటే పదేళ్లుండే రంగు.

"సబ్బుకు ఎర్రగ గాలే, చూసిన్రా? గిది పసుపేనా? దారాన్ని ఇడుస్తలేదు, మీ పిల్లల పేగులను ఇడుస్తదా?"

షెడ్డులో గుసగుసలు లేచాయి. ఒక తల్లి తన పిల్ల చేతిలో పళ్లెం లాక్కుంది. అప్పుడే లచ్చయ్య లోపలికి వచ్చాడు, వెనకే భార్య మాలతి బతుకమ్మ పళ్లెంతో. కౌసల్యకు ఏం చేయాలో పాలుపోలేదు. అయిదువందల మంది వచ్చే వేళ. "లచ్చన్నా, మంచి పసుపు యాడన్న దొరుకుతదా? మల్ల ఒండుదం."

లచ్చయ్య నోరు తెరిచేలోపే మాలతి ముందుకొచ్చింది. పాపం, సాయం చేద్దామనే వచ్చింది. "మా ఇంట్ల ఉంది వదినా, ఉరికిపోయి తెస్త. కొమ్ములు తెచ్చి నేనే రోట్లె దంచిన. ఈయన ఇంట్లకు దుకాణం పసుపు అస్సలు రానియ్యడు. పిల్లలకు మంచిది గాదంటడు."

 అందరి చూపులూ లచ్చయ్య మీదికి తిరిగాయి.

అప్పుడు షెడ్డు గుమ్మం దగ్గర, చంకలో తన్మయితో నిలబడిన సూర్యప్రభ గొంతు పైకి లేచింది. "మీ ఇంట్లోకి రానివ్వని పసుపు మాకెలా అమ్మారండీ? నా చేత్తో నేనే రోజూ రాశానండీ దీని మొహానికి!"

లచ్చయ్య ఆమె మీదికి తిరిగాడు. దొరికింది కదా సందు! "నువ్వెవరు మాట్లాడనీకె? మా పండుగల మీ పెత్తనమేంది? ఎక్కడెక్కడి నుంచో వచ్చి..."

అండాలమ్మ ఇద్దరికీ మధ్య వచ్చి నిలబడింది. పిల్ల మొహం మీది గుడ్డ తొలగించింది.

"ఆమె ఎవరో నన్నడుగు, నేను చెప్త. నీ గిరాకీ. గీడున్న ఆడోళ్లందరు నీ గిరాకీలే. నువ్వు లాఠీ దెబ్బలు తిన్నవ్, మేం కాదనలే. గా దెబ్బల పేరు చెప్పి మా పిల్లలకు రంగు తినిపిస్తవా? తెలంగాణ ఒస్తది లచ్చయ్యా. ఎవరి కోసం ఒస్తదో చెప్పు, గీ పిల్లల కోసం గాదా?"

కౌసల్య పొయ్యి ఆర్పింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గుడ్డలు పట్టుకుని వచ్చారు. డేక్సాను ఈడ్చుకెళ్లి, లచ్చయ్య చూస్తుండగానే మోరీలో వంచేశారు. ఆ సద్దులకు పులిహోర లేదు, పెరుగన్నమే పెట్టారు.

మాలతి బతుకమ్మ పళ్లెం కింద పెట్టింది. కాసేపటికి అండాలమ్మ దగ్గరికి వచ్చి, రెండు చేతులూ చాపి చూపించింది.

"పెద్దమ్మా, దుకాణంల గా పొడిని ఒట్టి చేతులతోని పావుకిలో, పావుకిలో కవర్లల్ల నింపింది నేనే. గది రంగని నాకెందుకు చెప్పలే ఈయన?"