మిషన్ ఆంటీ గోడకు వేలెడు సందు

అమీర్‌పేటలో మనిషికి గది దొరకడం కంటే కోర్సు దొరకడం తేలికైన రోజులవి. (ఇప్పటికీ అంతేనంటారు, నేనటు వెళ్లి చాలా కాలమైంది.) మెట్రో రైలు ఇంకా కొత్తది. నెత్తిమీద అది వెళ్తుంటే జనం తలలెత్తి చూస్తూ నడిచి ఒకరినొకరు గుద్దుకునేవారు. కరపత్రాలు పంచేవాళ్లు దారి పొడుగునా నిలబడి, మన ముఖం చూసి మనకేం రాదో కనిపెట్టి, ఆ కోర్సు కాగితమే చేతిలో పెట్టేవారు. నా ముఖంలో ఏం కనిపించేదో గానీ నాకెప్పుడూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాగితమే దక్కేది. చివరికి అందులోనే చేరాను. నేను చదివింది మాత్రం సివిల్ ఇంజినీరింగ్. నాలుగేళ్లు సిమెంటు గురించి చదివి, ఒక్క ఇటుకైనా పేర్చకుండా పట్టా పుచ్చుకుని, భీమవరంలో రైలెక్కి వచ్చేశాను. తెలిసినదాని మీద అపనమ్మకం, తెలియనిదాని మీద అంతులేని ధైర్యం ఉండే వయసది. నేను చెప్పబోయేదంతా ఆ ధైర్యం వల్ల జరిగిందే.

మేమున్న ఇల్లు ఓ ఇరుకు సందులో పాతకాలపు ఇల్లు. పక్క గోడ మొత్తం నల్లరాతిది. ముందు గోడ ఇటుకది, దానికి ఆ ఏడాదే కొత్తగా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి లేత గులాబీ రంగు వేయించారు. మేడమీద రేకుల గదిలో నేనూ, ఒంగోలు నుంచి వచ్చిన నా మిత్రుడూ ఉండేవాళ్లం. వాడు జావా కోర్సు మూడోసారి చేస్తున్నాడు కనుక వాణ్ణి అందరూ జావా అనే పిలిచేవారు. కింది గదిలో ఇంటి యజమానురాలు కుట్టుమిషన్లు పెట్టుకుని జాకెట్లు కుట్టేది. వీధి మొత్తానికీ ఆవిడ మిషన్ ఆంటీ. సిరిసిల్ల ఆడపడుచు. మాట గట్టిది, చెయ్యి మెత్తనిది. మేం కూర వండుకోలేదని వాసన పట్టేసి (అంటే వాసన రాకపోవడాన్ని పట్టేసి) గిన్నెతో పప్పు పంపేది.

వానాకాలం మొదలైన కొత్తలో మా నాన్న ఫోన్ చేసి, ఈ వానలు ఆగేలోగా ఉద్యోగం రాకపోతే వచ్చేసి బాబాయి రొయ్యల మేత కొట్లో కూర్చోమన్నారు. బాబాయి మంచివాడే. కానీ రొయ్యల మేత వాసన ఒకసారి పట్టుకుంటే పెళ్లి చూపుల దాకా వెంట వస్తుంది. నేను దిగులుగా ఆకాశం వైపు చూశాను. అది చూసినందుకే అన్నట్టు ఆ సాయంత్రమే పెద్ద వాన దంచింది. కాసేపటికి కిందినుంచి కేక.

"ఓ ఇంజినీరూ! జర కిందికి రా!"

వెళ్లేసరికి ఆంటీ చీర చెంగు బొడ్లో దోపుకుని, గోడవారగా ఉన్న గుడ్డల మూటలన్నీ మంచం మీదికి ఎక్కిస్తోంది. మూలనుంచి నీళ్లు సన్నగా, తీరిగ్గా, అద్దెకున్నవాళ్లలా లోపలికి వస్తున్నాయి. వాన తగ్గాక బయటికి తీసుకెళ్లి చూపించింది. కొత్త ప్లాస్టరింగ్ (ఆవిడ మాటలో గిలాబు) ఎక్కడైతే రాతిగోడను తాకి ఆగిందో, సరిగ్గా అక్కడ పైనుంచి కిందిదాకా నిలువునా విడిపోయింది.

"గిట్ల సూడు. గిలాబుకూ రాళ్లకూ నడుమ వేలు పోతుంది. నీళ్లు గీ సందులకెల్లే వస్తున్నయ్. గిలాబు చేసిన మేస్త్రి దుబాయ్ పోయిండు. నువ్వు గోడల సదువే సదివినవ్ గద?"

"అవునాంటీ, కానీ మాకు చెప్పింది పెద్ద పెద్ద వాటి గురించండీ. బ్రిడ్జీలు, డ్యాములు..."

"డ్యాముల నీళ్లు ఆపేటోనివి, నా అర్రల నీళ్లు ఆపలేవా?"

దీనికి జవాబు మా సిలబస్‌లో లేదు. మర్నాడే తెల్ల సిమెంటు కలిపి, పుట్టీ బ్లేడుతో ఆ సందు పొడుగునా కూరి, నున్నగా దిద్ది, రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుని చూసుకున్నాను. నాలుగేళ్ల చదువుకి సార్థకత అనిపించింది. వారం తిరక్కుండానే మళ్లీ వాన. నా తెల్ల సిమెంటు రాతిని వదిలేసి ప్లాస్టరింగును పట్టుకుని వేలాడుతోంది. పక్కన వెంట్రుక మందాన కొత్త చీలిక. ఆంటీ నన్ను నొప్పించడం ఇష్టంలేక కాసేపు ఆలోచించి చెప్పింది.

"సూడనీకైతే మస్తుగుంది బిడ్డా. నీళ్లు సుత మస్తుగ వస్తున్నయ్."

ఈ సమయంలో జావా రంగంలోకి దిగాడు. వాడు ఫోన్లో ఏదో వీడియో చూశాడు. అందులో ఒక దొరబాబు డబ్బా గొట్టాన్ని గోడ సందులో పెట్టి నొక్కగానే తెల్లటి నురగ వచ్చి, ఉబ్బి, గట్టిపడి, సందు మాయమైపోయింది. "ఒరేయ్, ఇదిరా టెక్నాలజీ! నువ్వింకా సిమెంటు దగ్గరే ఆగిపోయావు," అన్నాడు. ఎర్రగడ్డ వైపు వెళ్లే దారిలో ఒక హార్డ్‌వేర్ షాపులో ఆ డబ్బా దొరికింది. షాపాయన ఇస్తూ ఇస్తూ, "జర కొంచెం కొట్టుండ్రి భాయ్, అది మస్తు ఉబ్బుతది," అన్నాడు. మేము 'మస్తు ఉబ్బుతది' మాత్రం విన్నాం.

డబ్బా తెచ్చిన మర్నాడే పంజాగుట్టలో నాకు ఇంటర్వ్యూ. నా జీవితంలో మొదటిది. మధ్యాహ్నం వెళ్లాలి. పొద్దున్నే తల దువ్వుకుని, జావా దగ్గర అరువడిగిన తెల్ల చొక్కా వేసుకుని, అద్దం ముందు నిలబడి నన్ను నేను పరిచయం చేసుకుంటున్నాను. అంతలో ఆకాశం నల్లబడింది. కింద ఆంటీ ఎవరో పెళ్లికూతురి మగ్గం వర్క్ జాకెట్టు పూర్తిచేసి, నేలమీది తడి తగలకుండా రాతిగోడలో ఉన్న గూట్లో భద్రంగా పెట్టింది. పెళ్లి మర్నాడు. ఆంటీ ఆకాశం వైపూ, గోడ వైపూ, మెట్ల మీదున్న మా వైపూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఆ చూపు తట్టుకోలేక, "పది నిమిషాల పనిరా, కొట్టేసి వెళ్దువుగాని," అన్నాడు జావా.

నేను డబ్బా పట్టుకున్నాను. జావా స్టూలు పట్టుకున్నాడు. వదులైన తెల్ల సిమెంటును కొంచెం పెకిలించి, గొట్టం సందులో పెట్టి నొక్కితే బుస్సుమని నురగ లోపలికి పోయింది గానీ బయటికేం కనబడలేదు. ఇంకా నొక్కాను. ఏం లేదు. "సందు తాగేస్తోందిరా," అన్నాను. "తాగనీ, దాని దాహం తీరనీ," అన్నాడు వాడు. డబ్బా ఖాళీ అయ్యేదాకా తాగించాం. ఆ పాత రాతిగోడ లోపల రాళ్ల మధ్య మట్టి రాలిపోయి గుల్లగా ఉందనీ, ఆ గుల్ల దారి తిన్నగా లోపలి గూట్లోకే తెరుచుకుందనీ మాకు తెలియదు. ఖాళీ డబ్బా ఊపి చూసుకుంటూ ఉండగా లోపలినుంచి ఆంటీ అరుపు వినిపించింది.

"పామూ! అయ్యో, తెల్ల పాము!"

లోపలికి పరిగెత్తాం. ఆంటీ మిషన్ ముందున్న స్టూలెక్కి నిలబడి ఉంది. గూటి వెనక రాళ్ల మధ్యనుంచి చేయంత లావున తెల్లగా ఏదో మెలికలు తిరుగుతూ, ఉబ్బుతూ, నిదానంగా పెళ్లికూతురి జాకెట్టు వైపు వస్తోంది.

"అది పాము కాదాంటీ! ఫోమ్! ఫోమ్!"

"నేను సుత గదే అంటున్న గద, పాము అని!"

భాష గురించి తగవు తీర్చే వ్యవధి లేదు. జాకెట్టుకీ దానికీ మధ్య అరచెయ్యి వెడల్పు కూడా లేదు. ఆ కాస్త సందులోనే నా రెండు అరచేతులూ అడ్డం పెట్టేశాను. నురగ నా వేళ్ల మధ్యనుంచి పొంగింది, మణికట్టు చుట్టింది, అరువు చొక్కా కఫ్‌లోకి దూరింది. "తియ్‌రా, తియ్!" అని నేను అరుస్తుంటే, జావా నా మోచేతుల కిందనుంచి పసిపిల్లని ఎత్తుకున్నట్టు జాకెట్టును బయటికి తీశాడు. ఆంటీ స్టూలు దిగి, దాన్ని వెలుగులోకి తీసుకెళ్లి, ఒక్కొక్క పూసా, ఒక్కొక్క జరీ పోగూ తడిమి చూసింది. ఏమీ కాలేదు. అప్పుడు నా వైపు తిరిగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఇప్పటికీ చెప్పలేను.

జాకెట్టుకు అంటనిది మొత్తం నాకు అంటింది. సబ్బుకు పోలేదు, కిరసనాయిలుకు పోలేదు, కొబ్బరినూనెకు పోలేదు. పక్కింటి అమ్మాయి గోళ్లరంగు తుడిచే మందు ఇస్తే దాంతో కుడిచేతి వేళ్లు విడివడ్డాయి గానీ, ఎడమచేతి చివరి రెండు వేళ్లూ బాతు కాలులా అంటుకునే ఉండిపోయాయి. ఆంటీ కత్తెరతో ఆ తెల్ల చొక్కా చేతులు మోచేతిదాకా కత్తిరించి, చకచకా మిషన్ మీద అంచులు మడిచి కుట్టేసి, "పో బిడ్డా, హాఫ్ చేతుల అంగీ అయింది. ఫికర్ చెయ్యకు," అంది. జావా తన చొక్కా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

పంజాగుట్ట ఒక్క స్టేషనే. మెట్రోలో కడ్డీ పట్టుకోవడానికి భయమేసి (పట్టుకుంటే వదులుతానో లేదో) మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాను. రైలు బ్రేకు వేసినప్పుడు ఒక పెద్దాయన ఒళ్లో కూర్చున్నాను. ఆయన పైనుంచి కిందికి చూసి, సీటు కావాలంటే అడగొచ్చుగా అన్నారు.

ఇంటర్వ్యూ చేసే సారు నడివయసాయన, అలసిన కళ్లు. చెయ్యి చాపారు. నేను చేతులు వెనక దాచుకుని వంగి నమస్కారం పెట్టాను. చేతుల్లేని నమస్కారం ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. "చేతులకేమైంది?" అన్నారు. తీసి చూపించాను. అప్పటికి ఆ మరకలు నల్లబడి చూడ్డానికి ఘోరంగా ఉన్నాయి. నన్ను నేను పరిచయం చేసుకునే వాక్యాలన్నీ మర్చిపోయి గోడ కథ మొదటినుంచీ చెప్పేశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మధ్యలో ఒక్కసారీ ఆపకుండా విన్నారు. పాము దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సరే. ఆ ఫోమ్ ఎండకి నిలుస్తుందా?" అని అడిగారు.

"తెలీదు సార్."

"నీళ్లు పోసి చూశావా, ఇంకా వస్తున్నాయో లేదో?"

"లేదు సార్."

"కొట్టేసి వచ్చేశావు. మరి టెస్టింగ్ ఉద్యోగానికి ఎలా వచ్చావయ్యా?"

నేను చేతులు మళ్లీ వెనక్కి దాచుకున్నాను. ఆయన మాత్రం కోప్పడలేదు. ప్రశ్నలు కొన్ని అడిగి, సగానికి నేను తప్పు చెప్పాక, ఇంకాస్త తయారై వచ్చే నెల రమ్మన్నారు. బయటికొచ్చి, తిరుగు రైలు ఎక్కాలనిపించక నడుచుకుంటూ వచ్చాను. మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. రొయ్యల మేత కొట్టు కళ్లముందు కనిపిస్తోంది. ఆ నడకలోనే, ఎందుకో తెలియదు, భోజనాల తర్వాతి పీరియడ్లో మేం సగంమంది నిద్రపోతుంటే మా మాస్టారు బోర్డు వైపు తిరిగి చెప్పుకుంటూ పోయిన పాఠం జ్ఞాపకమొచ్చింది. రాయి ఒకలా, సిమెంటు ఒకలా ఎండకి సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. రెండు వేర్వేరు వస్తువులు కలిసేచోట గట్టిది పెట్టి కూరితే మళ్లీ విడిపోతుంది, సాగే గుణం ఉన్నదే పెట్టాలి. నిద్రలో వినడంవల్లనేమో లోపలికి బాగా దిగింది.

మర్నాటినుంచి పని మొదలుపెట్టాను. ఆ తర్వాత బయటికీ పొంగిన ఫోమ్‌ను బ్లేడుతో లోపలిదాకా కోసేశాను. తెల్ల సిమెంటు గీకేశాను. రాతి అంచునీ ప్లాస్టరింగ్ అంచునీ జావా పాత టూత్‌బ్రష్షుతో దుమ్ములేకుండా తోమాను. (అది పాతది కాదని మర్నాడు పొద్దున తెలిసింది.) రెండు రోజులు ఆరనిచ్చి, సందులో తాడులాంటి మెత్తటి ఫోమ్ దూర్చి, దానిపైన రబ్బరులా సాగే సీలెంటు నింపి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో పైనుంచి కిందిదాకా ఒక్క గీతలా దిద్దాను. ఈసారి వెనక్కి వెళ్లి చేతులు కట్టుకోలేదు. సీలెంటు ఆరాక గొట్టం పెట్టి కిందినుంచి పైదాకా కొంచెం కొంచెం జరుపుతూ నీళ్లు కొట్టాను. లోపలినుంచి ఆంటీ, "రాలే... రాలే... ఇంకా రాలే," అని అరుస్తోంది. "ఇగ చాలు తియ్ బిడ్డా, వాన పడితే ఎట్లన్న తెలుస్తది," అని కూడా అంది.

పడింది. ఆ వానాకాలంలో అంత వాన మళ్లీ చూడలేదు. మధ్యాహ్నమే చీకటి కమ్మి, అమీర్‌పేట రోడ్లమీద మోకాటి లోతు నీళ్లు నిలిచి, ఆటోలు ఆగిపోయి, జనం మెట్రో స్తంభాల కింద కిక్కిరిసి నిలబడి ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తున్నారు. నేను ఆంటీ గదిలో ఆ మూల నేలమీద కూర్చుని గోడకు చెయ్యి ఆనించి ఉన్నాను. గోడ పొడిగా ఉంది. కాసేపాగి మళ్లీ తడిమాను. పొడిగానే ఉంది. ఆంటీ మిషన్ తొక్కడం ఆపి, "ఏందిరా, రాలేదా?" అంది. "రాలేదాంటీ," అన్నాను. ఆవిడ లేచి, గోడవారనుంచి మంచం మీదికి ఎక్కించిన మూటల్ని ఒక్కొక్కటే దించి మళ్లీ ఆ మూలే పేర్చి, టీ పెట్టడానికి వెళ్లింది.

ఉద్యోగం ఆ తర్వాతి నెల ఆ సారు దగ్గరే వచ్చింది. (చేతులు శుభ్రంగా ఉండేసరికి ముందు గుర్తుపట్టలేదు.) అప్పటినుంచీ ఎన్నో పరీక్షించాను, ఎన్నో సరిగ్గా పనిచేస్తున్నాయని సంతకాలు పెట్టాను. వాటిలో ఒక్కదాన్నీ అరచేత్తో తడిమి చూసిన గుర్తు లేదు. ఇప్పుడు వాన పట్టుకుంటే అందరిలాగే ఫోన్ తీసి ట్రాఫిక్ చూసుకుని, ఎప్పుడు తగ్గుతుందా అని విసుక్కుంటాను. అలా విసుక్కుంటున్నప్పుడు, సిరిసిల్ల ఆంటీ గదిలో గోడకు చెయ్యి ఆనించుకుని కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఊరు మొత్తం వాన ఆగాలని మొక్కుకుంటుంటే, ఇంకాసేపు, ఇంకొక్క కాసేపు పడనివ్వమని మొక్కుకున్నవాడు ఆ రోజు అమీర్‌పేటలో వాడొక్కడే అయి ఉంటాడు.