సంచి ఖాళీ అయినా తగ్గని గడ్డ

మా ఆడపడుచు పశువుల డాక్టరు. ఊళ్లో అందరికీ డాక్టరమ్మ, నాకు మాత్రం మొండిఘటం. ఆవిడ ఆసుపత్రి ముందుగదిలో కూర్చుని చీటీలు రాసేదీ, నేల ఖరాబైతే అరిచేదీ నేనే.

ఒక ఉదయం వాచీలు బాగుచేసే పెద్దాయన తన దొరని దుప్పట్లో చుట్టి మోసుకొచ్చాడు. దొర తొమ్మిదేళ్ల మగకుక్క. వారం నుంచి విరేచనానికి ముక్కుతున్నాడట, మూత్రం చుక్కలు చుక్కలుగా పోతోందట. ఇంకోచోట చూసినవాళ్లు పొట్టలో పెద్ద గడ్డ ఉందనీ, క్యాన్సరే అయివుంటుందనీ అన్నారట.

"బాధ లేకుండా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇచ్చెయ్యండమ్మా. పెరట్లో గొయ్యి కూడా తవ్వించాను," అన్నాడు.

"గొయ్యికి అంత తొందరేమొచ్చింది బాబాయ్? ముందు నన్ను చూడనివ్వండి," అంది డాక్టరమ్మ.

ఏడేళ్ల క్రితం మా కుక్క పండుగాడికి సరిగ్గా ఇలాగే అయింది. గడ్డ చేతికి తగలగానే క్యాన్సరని తేల్చేసి, ఈవిడే ఆ ఇంజెక్షన్ ఇచ్చింది. తర్వాత అనుమానం తీరక కోసి చూస్తే, ప్రోస్టేటు గ్రంథి పక్కన నీటితిత్తి! నీళ్లు తప్ప మరేమీ లేదు. దాచేసి ఉంటే నాకు తెలిసేదే కాదు. కానీ ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, "వదినా, తప్పు చేశాను. వాడు బతికేవాడు," అని చెప్పేసింది. ఏడాదిపాటు తనతో మాట్లాడలేదు. ఆ తర్వాత నేనే వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను. కోపంతోనో, కాపలాకో, ఇప్పటికీ చెప్పలేను.

అప్పటినుంచి ఆవిడది ఒకటే పట్టు. పొట్టలో గడ్డ అన్నారంటే, ముందు సన్నటి గొట్టం వేసి మూత్రసంచి ఖాళీ చెయ్యాల్సిందే. నిండిన సంచీ చేతికి గడ్డలాగే తగులుతుందట. ఏ మాటైనా ఆ తర్వాతే.

దొరకీ అదే చేసింది. స్టీలు గిన్నె సగం నిండింది. మళ్లీ పొట్ట నొక్కి చూసింది. గడ్డ ఉన్నచోటే ఉంది.

"ఇది మూత్రసంచి కాదు," అంది. స్కానింగులో గడ్డ లోపలంతా నల్లగా కనిపించింది. "నలుపంటే నీళ్లు బాబాయ్. గట్టి కండైతే ఇలా ఉండదు." సూదితో కాస్త లాగి ల్యాబుకి పంపింది. క్యాన్సర్ కణాలు లేవని మర్నాడు తేలింది.

"ఆపరేషన్ చేద్దాం. వృషణాలు కూడా తీసేస్తాను, లేకపోతే వాటి హార్మోన్లకి మళ్లీ ఊరుతుంది."

పెద్దాయన మొహం మాడిపోయింది. "అవి తీసేస్తే వాడింకేం దొర అమ్మా?"

"ఈ వయసులో సంబంధాలేమైనా చూస్తున్నారా ఏంటి?"

ఆయనకి ఏడుపులోనే నవ్వొచ్చింది. సంతకం పెట్టాడు.

రెండున్నర గంటలు పట్టింది. తిత్తి మూత్రసంచి మెడకి అతుక్కుపోయి ఉంది. మొత్తం పీకితే వాడికి మూత్రం మీద పట్టు పోతుంది. అందుకని నీళ్లు తోడేసి, ఊడినంతమేర కోసేసి, మిగిలిన గూట్లోకి పొట్టలోని కొవ్వు పొరని లాగి కూరి కుట్టేసింది. ఊరే నీటిని ఆ పొర పీల్చేసుకుంటుందట. తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

పన్నెండో రోజు కుట్లు విప్పించుకుని, దొర తన కాళ్ల మీద తనే ముందుగదిలోకి వచ్చాడు. నా బల్ల వాసన చూసి కాలెత్తాడు. ఎంతసేపు పోశాడో! ధార ఆగితేనా!

"అయ్యయ్యో!" అంటూ పెద్దాయన జేబురుమాలు తీశాడు.

"గొయ్యి ఏం చేశారు బాబాయ్?" అంది డాక్టరమ్మ.

"పూడ్చేశానమ్మా. వీడే మళ్లీ తవ్వుతున్నాడు."

ఆయన వెళ్లాక నేను తుడుపుగుడ్డ అందుకున్నాను.

"నేలంతా పాడైంది, అరవవేం వదినా?"

"పోనీలే," అన్నాను. "మా పండుగాడూ ఇక్కడే పోసేవాడు."

ఏడేళ్లలో వాడి పేరు ఆవిడ ముందు ఎత్తడం అదే మొదటిసారి. డాక్టరమ్మ నా చేతిలోంచి గుడ్డ లాక్కుని, మోకాళ్ల మీద కూర్చుని నేల తనే తుడిచింది.