తూరియా తెచ్చిన కూత

ఐసు ఫ్యాక్టరీ వెనక వీధిలో తూరియా నోటికి జడవని మనిషి లేడు. చేపల రేవులో చేపలు కోసే ఆడవాళ్ళ గుంపుకి ఆమే పెద్ద. ఒడ్డున నిలబడి ఒక్క కేక వేసిందంటే పడవల మీద మగవాళ్ళు కూడా చేతిలో పని ఆపి చూసేవారు. మనసు మాత్రం వెన్న. ఆ సంగతి బయటపడితే ఊళ్ళో పరువు పోతుందన్నట్టు, ఆ వెన్న మీద ఎప్పుడూ కారం జల్లుకుని తిరిగేది.

ఆమె భర్త కస్మాది ఆ ఫ్యాక్టరీ యంత్రాల గదిలోనే పనిచేసేవాడు. ఓసారి గొట్టం పగిలి అమ్మోనియా వాయువు అతని గుండెల నిండా దూరింది. ప్రాణం దక్కింది కానీ ఊపిరి సగమే మిగిలింది. గుమ్మం దిగాలన్నా గోడ పట్టుకుని ఆగి ఆగి దిగాలి. ఫ్యాక్టరీ వాళ్ళు ఏదో ఇంత చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. తూరియా ఏడవలేదు. చేపలు కోసే కత్తి నడుముకు దోపుకుని వెళ్ళి ఫ్యాక్టరీ గేటు ముందు చతికిలబడింది.

"నా మొగుడి ఊపిరి ఎలాగూ తినేశారు. వీధిలో పిల్లల ఊపిరైనా మిగల్చండి. అది తేలేదాకా మీ బండ్లు నా మీదుగా పోవాల్సిందే," అంది.

బండ్లు ఆగాయి. ఐసు రాక రేవులో చేపలు కుళ్ళాయి. అప్పుడు పుట్టింది భద్రతా సంఘం. ఫ్యాక్టరీ తరఫున భద్రత చూసే కుర్రాడు, అయ్యగారు అన్నట్టు ఊరంతా 'పాక్' అని పిలిచే దర్సోనో, మసీదు పెద్ద హాజీ ముంతహా, అగ్నిమాపక కేంద్రం నుంచి ఒకరు, ఆరోగ్య కేంద్రం నర్సు, ఊరి తరఫున తూరియా. నెలకోసారి ఊరి సావడిలో చాపలు పరిచి, అరటికాయ బజ్జీలు నములుతూ మాట్లాడుకునేవారు. ముఖానికి తడిగుడ్డ కట్టుకోవాలనీ, గాలి వీచే దారిలో కాక గాలికి అడ్డంగా పడమటి ఉప్పుమడుల వైపు నడవాలనీ ఇంటింటికీ నేర్పారు. ఫ్యాక్టరీ కప్పు మీద పెద్ద సైరన్ పెట్టించారు. చేతులు కాలకముందే ఆకులు పట్టుకోవాలన్నది తూరియా పంతం.

అయితే ఆ సైరన్ ఊరికి గిట్టలేదు. మొదటిసారి మోగించి చూసిన రోజున ఒకావిడ కొబ్బరిపాల గిన్నె జారవిడిచింది, మేకలు తాళ్ళు తెంపుకున్నాయి, ఉయ్యాలల్లో పసిపిల్లలు గుక్కపట్టారు. "తన గొంతు చాల్లేదని ఇంకోటి తెచ్చి మా నెత్తిన పెట్టింది మహాతల్లి," అని నవ్వుకున్నారు. రెండోసారి మోగిస్తే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఇళ్ళల్లోనే కూర్చున్నారు. ఉప్పుమడుల దగ్గర తడిగుడ్డ కట్టుకుని నిలబడింది తూరియా ఒక్కతే. ఆ రోజు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఉపవాసాల నెల దగ్గరపడింది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళ చెప్పే మసీదు సైరన్ ఉప్పుగాలికి తుప్పుపట్టి మూగబోయింది. కొత్తది కొనాలా అని సంఘంలో మాట వచ్చినప్పుడు తూరియాకు మెరుపులాంటి ఆలోచన తట్టింది.

"కొనడం ఎందుకు పాక్ హాజీ? మన ఫ్యాక్టరీ సైరన్ ఉందిగా! పడవల మీదున్నోళ్ళకీ వినబడుద్ది. పొద్దు గుంకగానే ఓ కూత కూయిద్దాం. అప్పుడైనా జనానికి దాని మీద ఇష్టం పుడుద్ది."

అమ్మగారూ అన్నట్టు 'బు' అని పిలుస్తూ దర్సోనో నసిగాడు. "అది ప్రమాదం చెప్పే కూత కదా బు తూరియా. దాన్ని తిండివేళకి వాడితే..."

"వాడితే ఏమవుద్ది నాయనా? అరిగిపోద్దా? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ ఊళ్ళో ఉన్నదాన్ని. నా జనం సంగతి నాకు చెప్పకు."

"ఒక్క కూత అయితే ఉపవాసం, ఆగకుండా కూస్తే ప్రమాదం. పసివాడికైనా తెలుస్తుంది," అని హాజీ తేల్చేశాడు. దర్సోనో కాగితాలు సర్దుకున్నాడు. చదువుకున్నవాడు ఒక్కోసారి సరైన మాటే చెప్తాడు. అయితే గట్టిగా చెప్పడు, అదే వాడితో చిక్కు.

ఆ నెలలో సైరన్ ఊరందరి ముద్దుబిడ్డ అయిపోయింది. పొద్దు వాలేసరికి పిల్లలంతా గోడెక్కి ఫ్యాక్టరీ కప్పు వైపు చూస్తూ కూర్చునేవారు. కూత వినబడగానే కేకలు, ఆ వెంటనే మసీదులో పెద్ద డోలు, డోలు వెంట అజాన్, ప్రతి వాకిట్లో గ్లాసుల చప్పుడు. వీధిలో నడుస్తుంటే తూరియాను పిలిచి మరీ బెల్లంపాకంలో ఉడికిన చిలగడదుంపలు పెట్టేవారు. కస్మాదికి నర్సు ఉపవాసం వద్దంది. అయినా అతను కూత దాకా ముద్ద ముట్టేవాడు కాదు.

"నీకు మినహాయింపు ఉందిగా, ముందే తినొచ్చుగా," అని తూరియా కసిరేది.

"ఒక్కణ్ణే తింటే మందు మింగినట్టుంటదే," అనేవాడు ఆయాసపడుతూ.

నెల సగం దాటాక ఒకరోజు సైరన్ మోగించే కాపలావాడి గడియారం ముందుకు పోయి, సైరన్ వేళకంటే కాస్త ముందు కూసింది. ఊరంతా నీళ్ళు తాగేసింది, డోలు మోగింది, అజాన్ కూడా అయిపోయింది. తీరా చూస్తే సూర్యుడు ఉప్పుమడుల మీద ఎర్రగా నిలబడి ఉన్నాడు. ఒకరోజు ఉపవాసం మళ్ళీ ఉండాలని హాజీ తల పట్టుకున్నాడు. జనం మాత్రం పడీ పడీ నవ్వారు.

తూరియాకు నవ్వు రాలేదు. ఇంతమందిలో ఒక్కరైనా ఆకాశం వైపు చూడలేదేం అనుకుంది. తనూ చూడలేదు.

మర్నాడే దర్సోనో దగ్గరికి వెళ్ళింది. "ఆ కూత ఆపెయ్ బాబూ. నాదే తప్పు. వద్దు."

"ఇప్పుడాపితే ఊరు నన్ను బతకనిస్తుందా బు? పండగ ఇంకెంత దూరముంది? ఈ నాలుగు రోజులూ కానిద్దాం."

ఇంటింటికీ తిరిగి చెప్పింది. "ఆగకుండా కూస్తే అది తిండికి కాదు, గుర్తుందా?" అంటే, "గుర్తుందిలే అత్తా. తెచ్చిందీ నువ్వే, బెదిరించేదీ నువ్వేనా?" అని పక్కింటి వగిమిన్ వేళాకోళం ఆడాడు. రాత్రి కస్మాదికి చెప్పుకుంటే, "ఆ వాసన వస్తే ఊళ్ళో అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. నిద్రపో," అన్నాడు. అతను ధైర్యం చెప్పాలనే అన్నాడు. ఆమెకు మాత్రం కన్ను మూతపడలేదు.

తర్వాత వారం తిరగకుండానే వచ్చింది ఆ సాయంత్రం. సముద్రపు గాలి ఫ్యాక్టరీ మీదుగా తిన్నగా వీధిలోకి కొడుతోంది. వీధికి పడమటి చివర, ఉప్పుమడుల అంచున ఉన్న మసీదు అరుగు మీద తూరియా ఖర్జూరాలు పంచుతోంది. సైరన్ కూసింది. గోడ మీద పిల్లలు కేకలు వేశారు. డోలు మోగింది. అజాన్ మొదలైంది. తూరియా కూడా, అన్నీ తెలిసిన తూరియా, గ్లాసెత్తి ఒక గుక్క తాగింది.

అజాన్‌లో ఒక వరుసకీ ఇంకో వరుసకీ మధ్య గొంతు ఆగిన క్షణంలో దాని అడుగునుంచి ఇంకో గొంతు వినబడింది. సైరన్ ఇంకా కూస్తూనే ఉంది. ఆమె తలెత్తి చూసింది. సూర్యుడు ఇంకా కుంగలేదు. ఫ్యాక్టరీ కప్పు మీంచి తెల్లటి పొగమంచు లాంటిది జారుతూ వీధి మీదికి వస్తోంది.

ఆమె చేతిలో గ్లాసు పడిపోయింది. ఇల్లు వీధి మధ్యలో ఉంది, ఇంట్లో కస్మాది ఉన్నాడు. పరిగెత్తితే తను అందుకోగలదేమో. కానీ వీధంతా వాకిళ్ళలో కూర్చుని తింటోంది. పైన అజాన్ మోగుతుంటే ఏ కేకా వాళ్ళ చెవికెక్కదు. ఆమె కాళ్ళు ఇంటివైపు తిరిగాయి. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, అజాన్ చదివే ముసలాయన చేతిలోంచి మైకు లాగేసుకుంది.

"తినకండి! విషవాయువు! తడిగుడ్డలు కట్టుకోండి! ఉప్పుమడుల వైపు రండి! వగిమిన్, పిల్లనెత్తుకో! సుకేసీ, మీ అమ్మని లేపు! దారిలో ఆగొద్దు, అడ్డంగా నడవండి!"

మసీదులో మైకు ముందు ఆడమనిషి గొంతు ఆ ఊరు అంతకుముందెన్నడూ వినలేదు. అందుకే జనం లేచారేమో. ఆమె పేరు పేరునా పిలిచింది. కళ్ళు మండుతూ, దగ్గుతూ, ఒకళ్ళ కొంగు ఒకళ్ళు పట్టుకుని మనుషులు రావడం మొదలైంది. వచ్చిన ప్రతి ముఖాన్నీ చూస్తూ, ఇంకా రానివాళ్ళ పేర్లు అరుస్తూనే ఉంది. "కస్మాదిని ఎత్తుకు రండిరా! ఎవరైనా ఎత్తుకు రండి!" అన్నప్పుడు మాత్రం ఆ గొంతు విరిగింది.

వీధి మొత్తం బయటపడింది. అందరికంటే చివర కస్మాదిని భుజాన వేసుకుని వగిమిన్ వచ్చాడు.

"మొదటే వెళ్ళా అత్తా," అన్నాడు వాడు ఏడుస్తూ. "ముఖానికి గుడ్డ కట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అది విప్పి నా కూతురి ముఖానికి చుట్టి, ముందు దీన్ని తీసుకుపో అని నెట్టేశాడు. మళ్ళీ వెనక్కెళ్ళేసరికి..."

మిగిలున్న సగం ఊపిరి ఆరోగ్య కేంద్రం దాకా కూడా రాలేదు.

ఆ పండక్కి ఊళ్ళో కొత్తబట్టలు ఎవరూ కట్టలేదు. సైరన్ పీకి సముద్రంలో పారెయ్యమని కొందరన్నారు. దర్సోనో తల వంచుకున్నాడు. వద్దంది తూరియానే. "అది చెడ్డది కాదు. దానికి ముద్దలు తినడం నేర్పింది నేను," అంది. అన్నందుకు ఆమెను ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ తిట్టలేదు. ఏది చేసినా ఆమెకు కాస్త తేలికయ్యేదేమో.

సంఘం ఇప్పటికీ నెలకోసారి కూర్చుంటుంది. నెలకోసారి చెప్పాపెట్టకుండా సైరన్ మోగిస్తారు. తిండివేళకి మాత్రం మోగించరు. ఇప్పుడు ఎవరూ చెవుల్లో వేళ్ళు పెట్టుకోరు. మొదటి కూతకే వీధంతా లేచి, తడిగుడ్డలతో, ముందు గాలి చూసుకుని, ఉప్పుమడుల వైపు నడుస్తుంది. అందరికంటే ముందు తూరియా ఉంటుంది. ఆమె తడిగుడ్డ ముక్కునే కాదు, నోటిని కూడా బిగించి కడుతుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ కూత మొదలవగానే, ఎంత తిట్టుకున్నా, ఎంత పళ్ళు బిగించినా, ఆమె నోట్లో తియ్యగా నీళ్ళూరతాయి. గుడ్డ పక్కకి లాగి ఉమ్మేస్తుంది. మళ్ళీ ఊరతాయి.