కౌంటరు మీద చీరల కుప్ప

2023 ఆగస్టు నెల మొదటి ఆదివారం, పొద్దున పదిన్నర. పురసవాక్కంలో మేము పనిచేసే చీరల షాపు, కింది అంతస్తు, కాటన్ సిల్కు కౌంటరు. ఆడి తళ్ళుబడి రోజులు. అరవోళ్ళ ఆడి మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు గనక షాపులోళ్ళు ధర తగ్గించి అమ్ముతారు, మద్రాసు సగం మా వీధిలోనే ఉంటుంది. అట్టాంటి ఆదివారం మా కౌంటరు మీద ఒక్క చీర లేదు. అద్దం మాదిరి మెరుస్తా ఉంది. దాని ముందర ఒక్క మనిషీ లేడు. పక్కన హరిత అనే పిల్ల చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకోని, ఏడుపు మింగుతా నిలబడి ఉంది.

ఆ పిల్ల ఎవరో చెప్పే ముందర నా పని ఏందో చెప్పాల. నాది మడత పని. ఇరవై ఆరేళ్ళుగా అదే. సేల్స్‌మేన్ చీర విప్పి చూపించేది అర నిమిషం. దాన్ని మళ్ళా కొత్త చీర చేసేది మేము. అంచుకు అంచు కలవాల, పాత మడత గీత మీదనే కొత్త మడత పడాల, పైట బొమ్మ పైకి రావాల. గీత తప్పిందంటే అది కట్టి విడిచిన చీర మాదిరి కనిపిస్తుంది, ఇంక ఎవురూ ముట్టరు. నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చినాయి, మా చర్చిలో పాస్టరమ్మ నేర్పింది. పెద్ద మాటలు నా దగ్గర లేవు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

హరితది సూళ్ళూరుపేట. ఈడ కాలేజీలో ఎంబీఏ, అందులో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్. అంటే పని ఎట్టా జరుగుతుందో చదివే చదువు. ఆఖరి సంవత్సరం ఒక చోట నిజంగా పని జరిగేది చూసి, దాన్ని బాగుచేసి చూపిస్తేనే పట్టా ఇస్తారంట. ఆ పిల్ల మా షాపుకు వచ్చింది.

మొదటి దినమే అడిగినాను. "పని చేసేదానికి చదువెందుకు మే?"

"చేసేదానికి కాదవ్వా. పనిలో పనికిరానిది ఎంతుందో కనిపెట్టేదానికి. దాన్ని తీసేస్తే మిగిలేది లీన్."

"అట్టయితే మా సూపర్వైజరుతో మొదలుపెట్టు."

పకపకా నవ్వింది. నాకు ఆ నవ్వు నచ్చింది. అయినా బయటికి చెప్పలేదు.

ఆ పిల్ల చేసిన మొదటి పని ఒక్క చీర వెనకాల తిరిగేది. ఆవపువ్వు రంగు చీర, పచ్చ అంచు. పదకొండింటికి కౌంటరు మీద విప్పినారు. నచ్చలేదని కుప్పలో పడింది. కుప్ప బుట్టలోకి పోయింది. బుట్ట లిఫ్టు కోసం నిలబడింది. రెండో అంతస్తులో మా గదికి వచ్చి, పదకొండు బుట్టల వెనక వరసలో కూర్చుంది. మేము మడత పెట్టినాక, బుట్ట నిండేదాకా ఆగి కిందికి దిగింది. అప్పటికి సాయంత్రం ఐదున్నర.

"అవ్వా, మీరు మడత పెట్టింది నాలుగు నిమిషాలు. ఆ చీర కనపడకుండా పోయింది ఆరున్నర గంటలు. ఆ మధ్యలో ముగ్గురొచ్చి అదే చీర అడిగినారు. మురుగన్ స్టాక్ లేదని పంపించేసినాడు."

మురుగన్ అంటే ఆ కౌంటరు సేల్స్‌మేన్. అరవోడు, కానీ మాతో తిరిగి తిరిగి తెలుగు వచ్చేసింది. ఇరవై ఆరేళ్ళు ఆ బుట్టల మధ్యనే కూర్చోని నేను చూడంది ఆ పిల్ల ఒక్క దినంలో చూసింది. ఒప్పుకోవాల, ఒప్పుకుంటా ఉండాను.

కానీ ఆ పిల్ల దానికి కనిపెట్టిన మందు ఉందే, అది తప్పు. వన్ పీస్ ఫ్లో అనింది. ఒకదాని తర్వాత ఒకటే నడవాల, పోగు పడకూడదు అని అర్థమంట. ఒక చీర చూపించు, అప్పుడే మడత పెట్టు, తర్వాతే ఇంకొకటి తియ్యి. కుప్ప ఉండదు, బుట్ట ఉండదు.

"ఇది నడవదు పాపా," అన్నాను.

"ఎందుకవ్వా?"

"ఎందుకో చెప్పేది నాకు రాదు. చీర కొనే ఆడమనిషిని నువ్వు చూడలేదు."

"నేనూ ఆడమనిషినే కదా!"

"నువ్వు ఫోనులో చుడీదారు కొనే ఆడమనిషివి."

మా ముదలాళి, అదే షాపు ఓనరు సెల్వరాజు, ఒక్క కౌంటరు ఇచ్చినాడు, ఒక్క ఆదివారం ఇచ్చినాడు. ఆ దినం వాళ్ళ ప్రొఫెసరు వచ్చి కళ్ళారా చూస్తాడు. నడిచిందా, పట్టా. నడవలేదా, ఇంకో చోటు వెతుక్కోని మొదటి నుంచి మొదలుపెట్టాల. ఏడాది గోవిందా. చూసి చెప్పమని ఆ పిల్ల ముదలాళిని ఒప్పించి నన్ను ఒక్కదాన్నే పైనుంచి కిందికి పిలిపించుకుంది.

షాపు తెరిచినాక మొదట వచ్చింది ఒక తల్లీ కూతురూ. మురుగన్ నీలం చీర చూపించినాడు. ఇంకోటి అనింది తల్లి. వాడు నీలం చీరకు మడత మొదలుపెట్టినాడు. ఆమె కాళ్ళు మార్చి మార్చి నిలబడింది. తర్వాత వంకాయ రంగు తీసినాడు. "ఆ నీలం తియ్యి, దీని పక్కన పెట్టి చూస్తా," అని అరవంలో అనింది. "ఇది మడత పెట్టినాక తీస్తానమ్మా," అన్నాడు వీడు. "తియ్యమంటే నీకు ఇంత కష్టమా?" అని కూతురి చెయ్యి పట్టుకోని పక్క కౌంటరుకు పోయింది. ఆడ కుప్ప పడి ఉంది, మోచేతులతో తోసుకుంటా ఉండారు జనం. ఆ తర్వాత ఒకామె వాకిట్లో నుంచే తొంగి చూసి, "ఈడేమీ లేదు, రా," అని మొగుణ్ణి లాక్కోని పోయింది.

పదిన్నరకు నేను మొదట చెప్పిన సంగతి అదే. పదకొండుకు పది నిమిషాలు ఉండగా నాకు ఓపిక అయిపోయింది. షెల్ఫులో నుంచి చేతికొచ్చినన్ని చీరలు లాగి, దులిపి, కౌంటరు మీద వేసినాను.

"సువార్తక్కా! ఏం చేస్తా ఉండావు!" మురుగన్ గొంతు లేచింది.

"అవ్వా, ప్రొఫెసరు వచ్చేస్తా ఉండారు!"

"రానీ. నువ్వు గడియారం చూడమాక. చేతులు చూడు."

ఇట్టా నాలుగు చీరలు పడినాయో లేదో, అట్టా రెండు చేతులు దిగినాయి. ఐదు నిమిషాలకు కౌంటరు కనపడలేదు. అప్పుడు మాట నా నోటికి వచ్చింది.

"మడత మీద ఉన్న చీర విప్పమని అడగాలంటే మొగమాటం పాపా. విప్పించి కొనకుండా పోతే ఏమనుకుంటారో అని. విప్పి పడున్నదాన్ని లాగేదానికి ఎవురి పర్మిషనూ అక్కర్లే. ఇంకొకామె లాగేది చూస్తే అసలు చెయ్యి ఆగదు. జనాన్ని పిలిచే బోర్డు మాకు కుప్పే."

సరిగ్గా అప్పుడు దిగినాడు ప్రొఫెసరు రంగనాథం, భార్యతో. ఆయన ఇంట్లోనూ తెలుగే.

"కౌంటరు ఖాళీగా ఉంటుందని రాశావు కదమ్మా?" అన్నాడు.

హరిత జవాబు చెప్పే లోపల ఆయన భార్య వసంతమ్మ మోచేతి దాకా కుప్పలో దిగిపోయింది.

"వసంతా, మనం పని మీద వచ్చాం."

"మీ పని మీరు చూసుకోండి."

హరిత ఆమెనూ కుప్పనూ చూసింది. ఆ కుప్పను బుట్టలోకి తోసేదానికి రెడీగా ఉన్న మురుగన్‌ను చూసింది. మొహం వెలిగిపోయింది.

"తప్పు కుప్పది కాదవ్వా. బుట్టది! చీరలు పైకి ఎందుకు పోవాల?"

"నన్నడుగుతావేంది? మమ్మల్ని కిందికి తెచ్చుకో."

మెట్లెక్కి పరిగెత్తింది. మేరీ, పార్వతి, దేవకి, ముగ్గురినీ దింపింది. వాళ్ళు రామంటే రామన్నారంట. మా షాపులో ఒక కట్టుబాటు ఉంది. మడత పనోళ్ళు గిరాకీ ముందర కనపడకూడదు. ముదలాళి నాయన కాలం నుంచి అంతే. విప్పిన చీర వెనకాల ఇంత చాకిరీ ఉందని తెలిస్తే అది పాత సరుకు అనుకుంటారని ఆయన భయం. దేవకి చేరి పద్నాలుగేళ్ళు, షాపు తెరిచి ఉండగా కింది అంతస్తులో నిలబడింది లేదు. నలిగిన చీర కొంగు లాక్కుంటా నా వెనక దాక్కుంది.

ముదలాళి గల్లా దగ్గర నుంచి లేచి వచ్చినాడు. "సువార్తా, ఎవురు రమ్మన్నారు వీళ్ళను?"

"నేనే. ఇంటికి పొమ్మంటే పోతాం. ముందు ఒక గంట చూడు."

కుప్ప పైన గిరాకీ, కింద మేము. వాళ్ళు చూసి వదిలేసిన చీర అడుక్కి జారుతుంది, మేము అడుగు నుంచి లాగి మడత పెట్టి షెల్ఫులో పెడతా ఉండాము. కుప్ప తగ్గలేదు, చీర మాయం కాలేదు.

వసంతమ్మ ఒక ఎర్రంచు చీర ఎత్తి, మురుగన్‌ను వదిలేసి మేరీని అడిగింది. "ఇది రంగు వదుల్తుందా అమ్మా?"

మేరీ ముదలాళి వైపు చూసింది. నా వైపు చూసింది. "వదుల్తాదమ్మా," అనింది. "ఈ పక్కది తీసుకోండి. ఇది ఈ వారంలో మూడుసార్లు నా చేతికొచ్చింది. చెమట చేతులకు కూడా రంగు అంటలేదు."

మురుగన్ కళ్ళు మూసుకున్నాడు. ముదలాళి నోరు తెరిచినాడు. వసంతమ్మ ఆ పక్కదీ, దాని తోటి ఇంకొకటీ తీసుకుంది. అంతే, చుట్టూ ఉన్నోళ్ళంతా మేరీ మీద పడినారు. అక్కా ఇది నిలుస్తుందా, అక్కా ఈ జరీ గీరుకుంటుందా అని. ఆ కుప్పలో మా చెయ్యి తగలని చీర ఒక్కటి లేదు, మాకు తెలియకుండా ఎట్టా ఉంటుంది? దేవకి కూడా నా వెనక నుంచి బయటికి వచ్చి ఒక ముసలామెకు పైట చూపించింది. ముదలాళి పోయి మాకు నాలుగు స్టూళ్ళు పంపినాడు.

మధ్యాహ్నం దాకా హరిత స్టాప్‌వాచ్ పట్టింది. ఏ చీరా పావుగంటకు మించి కనపడకుండా పోలేదు.

ప్రొఫెసరు అంతా చూసి అడిగినాడు. "నువ్వు రాసింది తప్పయింది కదూ?"

"అవును సార్."

"ఎప్పుడు తెలిసింది?"

"పదకొండింటికి సార్."

"ఎవరు చెప్పారు?"

ఆ పిల్ల నన్ను చూపించింది. తల దించుకోలేదు, సాకు చెప్పలేదు.

"ఆ తప్పు కూడా రిపోర్టులో రాయి. దాన్నే ముందు రాయి. మిగతాది నడుస్తుంది," అన్నాడు.

హరిత ఎగిరి నన్ను పట్టుకుంది. "వదులు మే, చీర నలుగుతుంది," అన్నాను. గట్టిగా పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను, ఏం దాచాల. పట్టా వచ్చేసింది ఆ పిల్లకు. మేము ఇప్పటికీ కిందనే ఉండాము, స్టూళ్ళ మీద.

నేను నేర్చుకుంది ఇది. ఇరవై ఆరేళ్ళు చేసినంత మాత్రాన పని తెలిసినట్టు కాదు. పుస్తకం చదివినంత మాత్రాన కూడా కాదు. కానీ తప్పని తెలిసిన నిమిషంలో దాన్ని వదిలేసి ఎదుటి మనిషి మాట వినేది ఆ పిల్లకు ఇరవై మూడేళ్ళకే వచ్చు. నాకు ఈ వయసులో కూడా సరిగ్గా రాదు.

రిపోర్టు అచ్చయినాక ఒక కాపీ తెచ్చి చూపించింది. అందులో మా గురించి "ఫోల్డింగ్ స్టాఫ్, నలుగురు" అని ఉంది. పేర్లు రాయకూడదని కాలేజీ రూలంట. నాకు ఏ రూలూ లేదు. ఆ దినం ఆ కౌంటరు దగ్గర ఉన్నది వీళ్ళు: చదువుకునే పిల్ల హరిత. ప్రొఫెసరు రంగనాథం. ఆయన భార్య వసంతమ్మ. ముదలాళి సెల్వరాజు. సేల్స్‌మేన్ మురుగన్. మడత పనోళ్ళు మేరీ, పార్వతి, దేవకి. నాలుగో దాన్ని నేను, సువార్తమ్మ.