పళ్ల మధ్య దారం

ఇంట్లో ఒక మనిషి కూనిరాగం తీయడం ఏ రోజున మానేస్తుందో పక్కనే ఉన్నవాడికి ఎందుకు తెలియదు? ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు. ఏడుపైతే వినిపిస్తుంది. తగువైతే పక్కింటికీ వినిపిస్తుంది. కూనిరాగం ఆగిపోతే ఏమీ వినిపించదు. బహుశా చిక్కంతా అక్కడే ఉంది.

వైండింగ్ మేస్త్రికి ఆ సంగతి మరదలు చెబితే గానీ తెలియలేదు. చెవులు లేనివాడా అంటే అదీ కాదు. కాలిపోయిన మోటార్లలోంచి పాత రాగి తీగ లాగేసి కొత్తది చుట్టడం అతని పని. ఫ్యాను తిరుగుతుంటే గది బయటే నిలబడి బేరింగు పోయిందో, రెక్క వంగిందో చెప్పేస్తాడు. కానీ పొద్దస్తమానం అతని నోరూ మోటారులాగే తిరుగుతూ ఉంటుంది. కరెంటు మీద, ఎండ మీద, ఫ్యాను తెచ్చినవాడి మీద, తేనివాడి మీద ఒకటే సణుగుడు. వీధిలో వాళ్లు ఎదురుగా వైండింగ్ మేస్త్రి అని, చాటున సణుగుడు మేస్త్రి అని పిలిచేవారు.

ఒక ఆదివారం మరదలు తన అక్కను చూడడానికి వచ్చింది. వంటింట్లో గిన్నెలు తోముతున్న అక్క పక్కన కాసేపు నిలబడి, ముందు గదిలోకి వచ్చి కూర్చుంది.

"బావా, మా అక్క కూనిరాగం ఏమైంది? పాత సామాన్లవాడికి వేసేశావా?"

"దానికేం, తీస్తూనే ఉంటుంది."

"ఆఖరిసారి ఎప్పుడు విన్నావు?"

మేస్త్రి నోరు తెరిచాడు. ఏమీ గుర్తు రాలేదు. పెళ్లయిన కొత్తలో నీళ్లు పట్టేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, మాటలు లేని రాగమొకటి ఆమె ముక్కులోంచి వస్తూ ఉండేది. ఆ తర్వాత?

"ఒక మోటారు అంత గట్టిగా తిరుగుతుంటే రెండోది ఏం వినబడుతుందిలే" అని మరదలు వంటింటి వైపు తిరిగింది. "అక్కా, బట్టలు సర్దుకో. మా ఇంటికొచ్చి కొన్నాళ్లుండు."

"చూద్దాం" అంది లోపల్నుంచి భార్య.

వద్దనలేదు. నవ్వి కొట్టిపారేయలేదు. చూద్దాం అంది. ఆ మాట మేస్త్రికి ముల్లులా దిగబడింది. ఈ ఇంట్లో ఆమె సంతోషంగా ఉండాలి, తనూ ఉండాలి. చేతకాకపోతే పని నేర్చుకున్నట్టే నేర్చుకోవాలి అని ఆ పూటే తీర్మానించుకున్నాడు.

మర్నాడు భోజనం చేసి లేస్తూ, "నీ పుణ్యమా అని కడుపు నిండా తిన్నాను" అన్నాడు.

ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఉప్పు తగ్గిందా? తగ్గితే తగ్గిందనే చెప్పండి."

తప్పు ఆమెది కాదు. చొక్కా కాలినా, బస్సు తప్పినా, చెప్పు తెగినా 'నీ పుణ్యమా అని' అంటూనే ఇన్నేళ్లూ కాపురం చేశాడు. మంచి మాటే, వాడి వాడి పాడుచేసుకున్నాడు. సరేనని ఇంకో రోజు "థాంక్స్" అన్నాడు. "నేనేమన్నా బ్యాంకు కౌంటర్లో కూర్చున్నానా?" అంది. "ధన్యవాదాలు" అని చూశాడు. "మైకు తెప్పించమంటారా?" అంది.

కాలిన తీగ లాగేయకుండా దాని మీదే కొత్తది చుడుతున్నానే అనుకున్నాడు, దుకాణంలో కూర్చుని. ముందు పాతది బయటికి రావాలి. ఆ సమయానికి అతని పళ్ల మధ్య నూలు దారం ఉంది. చుట్టిన తీగను దారంతో బిగించేటప్పుడు రెండు చేతులూ చాలక ఒక కొసను పళ్లతో పట్టుకోవడం అలవాటు. అలా పట్టుకున్నంతసేపూ తాను సణగడం లేదని అప్పుడు తట్టింది.

ఆ సాయంత్రం ఒక దారం ముక్క జేబులో వేసుకుని ఇంటికెళ్లాడు. సణుగుడు పెదవి దాకా వచ్చినప్పుడల్లా దాన్ని పళ్ల మధ్య పెట్టుకునేవాడు. ఏంటది అని ఆమె అడిగితే, పళ్లలో ఏదో ఇరుక్కుంది అనేవాడు. నోరు మూతపడ్డాక కళ్లు పని మొదలుపెట్టాయి. ఊడిన బొత్తాం కుట్టి ఉంది. భోజనం డబ్బా కారకుండా మూతకు కొత్త రబ్బరు వేసి ఉంది. తను కూర్చునే చోట ఎండ పడకుండా కిటికీకి పాత దుప్పటి కట్టి ఉంది. రోజుకొకటి పట్టుకునేవాడు. పట్టుకుని, దుకాణానికి నడుస్తూ, 'ఇది దానంతటదే జరగలేదు' అని గొణుక్కునేవాడు. సణిగే నోటికి కొత్త మేత. తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించడమూ మొదలుపెట్టాడు. ఆమె దాన్ని మళ్లీ కడిగేది. అయినా మానలేదు.

మధ్యలో ఒక రోజు నోరు జారాడు. బాగుచేసిన మోటారు మళ్లీ కాలి తిరిగొచ్చింది. ఇంటికొస్తుంటే వాన. గుమ్మంలో అడుగు పెడుతూనే, దారం సంగతి గుర్తొచ్చేలోపే, "నీ పుణ్యమా అని గొడుగు లేక తడిసి చచ్చాను" అనేశాడు.

గొడుగు అతని సంచిలోనే ఉంది. పొద్దున ఆమె పెట్టింది.

ఆమె వచ్చి సంచి అందుకుంది. ఆ సంచిలోంచి గొడుగు తీసి మూలన ఆనించింది. చెల్లెలికి ఫోన్ చేసి, "శనివారం వస్తానే" అని చెప్పి, అటక మీది బట్టల సంచి దింపింది.

మేస్త్రి తడి బట్టలతోనే నిలబడ్డాడు. బతిమాలలేదు.

"వెళ్లాలనిపిస్తే వెళ్లు. నేను మాత్రం ఈ పని ఆపను."

"ఏ పని?"

జేబులోంచి తడిసిన దారం తీసి చూపించాడు. బొత్తాం, రబ్బరు, కిటికీ దుప్పటి, అన్నీ తడబడుతూ చెప్పాడు.

ఆమె ఆ దారం వంక చూసింది. "అయితే పళ్ల సంగతి కాదా? డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలేమో అని బెంగపెట్టుకున్నాను."

"పళ్లు బాగానే ఉన్నాయి."

"అవును, నోరే బాగాలేదు" అంది. బట్టలు సర్దడం మాత్రం ఆపలేదు.

శనివారం పొద్దున సంచి గుమ్మం పక్కన ఉంది. మేస్త్రి భోజనం డబ్బా అందుకున్నాడు. గడప దగ్గర ఆగి అతను "వెళ్లొస్తా" అనడం, లోపల్నుంచి ఆమె "ఊఁ" అనడం ఆ ఇంటి అలవాటు. సాయంత్రానికి ఆమె ఉంటుందో ఉండదో తెలియదు. ఉన్నా లేకపోయినా గ్లాసు తనే కడుగుతాడు, అది తేలిపోయింది. కనీసం ఆ ఒక్క మాటైనా అనాలని నోరు తెరిచాడు.

పెరటి కొళాయి దగ్గర, బకెట్లో నీళ్లు పడే చప్పుడు కింద, ఇంకేదో వినబడింది. ముక్కులోంచి వచ్చే సన్నని రాగం. మాటలు లేవు. మధ్యలో తెగుతోంది, మళ్లీ అందుకుంటోంది. తను వింటున్నానని తెలిస్తే ఆగిపోతుంది. వెళ్లొస్తా అన్నా ఆగిపోతుంది.

దారం తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, గొళ్లెం చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, ఉత్త కాళ్లతో వీధిలోకి దిగాడు.