సోమవారం పరీక్ష

మిరప కోతలొస్తే నా చిన్నప్పుడు మా హైస్కూలు సగం ఖాళీ అయ్యేది. కూలీల పిల్లలంతా చేలల్లోనే ఉండేవాళ్లు. ఒక్క పిల్ల మాత్రం బడి మానేది కాదు. ఆదివారమంతా వాళ్లమ్మతో కోతకెళ్లి, సోమవారం ఠంచనుగా వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. మాకేమో ప్రతి సోమవారం స్లిప్ టెస్టు. ప్రతిసారీ ఆ పిల్ల పేపరు ఖాళీ. అది మొద్దని మేమంతా తీర్మానించేశాం. ఇక టీసీ ఇచ్చి పంపేద్దామని హెడ్మాస్టరుగారు కూడా తేల్చేశారు.

మా సోషల్ మాస్టారు ఒక్క వారం ఆగమని ఆయన్ని బతిమాలారు. సోషియాలజీలో ఎమ్మే చేసిన మనిషి, ఏ సంగతైనా కళ్లతో చూస్తే గానీ నమ్మరు. ఆ పిల్ల ఇంటికీ వెళ్లొచ్చారు. ఏం చూశారో మాకు చెప్పలేదు గానీ, ఆ ఆదివారం పొద్దున్నే క్లాసునంతా పోగేసి మా మిరప చేలోకే తీసుకొచ్చారు. రైతు బిడ్డనే అయినా, క్లాసు ఫస్టు వచ్చే పిల్లనని మా నాన్న నాచేత ఏనాడూ ఒక్క కాయ కోయించలేదు. సాయంత్రం దాకా సరదాగా కోశాను. ఇంటికొచ్చి వేన్నీళ్లతో చేతులు కడుక్కున్నాను. ఇక చూడండి నా అవస్థ! చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని వలవలా ఏడ్చాను.

మర్నాడు మామూలుగానే టెస్టు పెట్టారు. పెన్ను పట్టుకుంటే ప్రాణం పోతోంది. మా తిప్పలు చూసి చివరి బెంచీ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. మాస్టారు హెడ్మాస్టరుగారిని పిలుచుకొచ్చి, అందరికంటే ముందు నా ఖాళీ పేపరే ఆయన చేతిలో పెట్టారు. నువ్వూ రాయలేదేమ్మా అని ఆయన ఆశ్చర్యపోతే, వేళ్లు మండుతున్నాయండీ అన్నాను.

"ఆ పిల్లకి ప్రతి సోమవారం ఇదేనండీ. చదువు రాక కాదు. టెస్టు శుక్రవారం పెట్టి చూడండి," అన్నారు మా మాస్టారు.

ఆ వారం నుంచే టెస్టులు శుక్రవారానికి మారాయి. ఆ పిల్ల పాసైంది, టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకు నన్నే దాటేసింది. కుళ్లుకున్నాను, లేదని ఎందుకు చెప్పాలి?

ఇంటర్లో ఇంటిల్లిపాదీ ఎంపీసీ అంటే, నేను హెచ్ఈసీ అని పట్టుబట్టాను. సోషియాలజీ చదివి ఏం చేస్తావే అని మా నాన్న తల పట్టుకున్నాడు. చేసి చూపించాను. ఇప్పుడు కాలేజీలో ఆ పాఠమే చెబుతున్నాను. నా క్లాసులో తండాల పిల్లలున్నారు, మగ్గం నేసే ఇళ్ల పిల్లలున్నారు, క్వారీ పనికి ఒరిస్సా నుంచి వచ్చినవాళ్ల పిల్లలున్నారు. ఎవరి పేపరైనా ఖాళీగా కనిపిస్తే వెంటనే సున్నా వేయను. పక్కన కూర్చోబెట్టుకుని, నిన్న ఏం చేశావని అడుగుతాను. ఇన్నేళ్లలో ఏమీ చేయలేదన్న పిల్ల ఒక్కతీ లేదు.